పుస్తకాలు వడ్డించిన గంటె

నేను ఒక గంటెను. గంటను కాదు మహాప్రభో, గంటెను! మొదటి మాటకే ఇంత గట్టిగా మోగుతున్నానేమిటంటారా? మోగడం గంట పని, నాది కాదు, ఒప్పుకుంటాను. కానీ నేనిప్పుడు ఉన్నచోటికి అసలు రావలసింది గంటే. ఫోనులో అటువైపు ఒకటన్నారు, ఇటువైపు ఒకటి విన్నారు, మధ్యలో నా దశ తిరిగింది.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. రాజేశం సేటు సాంచెల షెడ్డు మీద ఒక పొడుగాటి గది ఉంది. నెలకొక ఆదివారం పుస్తకాల పిచ్చి ముదిరినవాళ్లు అక్కడ చేరి, తాము చదివిన నవలల్లో ఏది బాగుందో, ఏది తప్పకుండా చదవాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పుకోవడమంటే అరుచుకోవడమే. కింద సాంచెలు టకటకలాడుతుంటే పైన గుసగుసలాడితే ఎవరికి వినిపిస్తుంది? ఆ చప్పుడులో "పండు తిన్నావా" అంటే "పండుకున్నావా" అని విని, "పట్టపగలు పండుకుంటానికి నాకేం పని లేదా" అని తగువుపడ్డవాళ్లున్నారు.

ఆ సంఘాన్ని పుట్టించినవాడు అంబదాసు సారు. కాలేజీలో కామర్సు చెబుతాడు. లాభనష్టాల పాఠం చెప్పి చెప్పి, ఎంత చదివినా లాభమే గాని నష్టం లేనిది నవల ఒక్కటేనని తేల్చుకున్నవాడు. ఒక శనివారం షెడ్డు మెట్ల మీద నిలబడి సుగుణక్కకు ఫోను చేశాడు.

"సుగుణక్కా, రేపొచ్చేటప్పుడు ఒక గంట తేవాలె. ఇత్తడిది. జర పెద్దది. చేతిల పట్టుకుంటానికి వీలుండాలె."

సుగుణక్క పెళ్లిళ్లకు వంటలు చేయించే మనిషి. చరిత్ర చదువుకుని డిగ్రీ పుచ్చుకుంది, పొయ్యి ముట్టించి పేరు తెచ్చుకుంది. పెద్దది, ఇత్తడిది, చేత్తో పట్టుకునేది అంటే ఆమెకు ఇంకేం వినపడుతుంది?

"గంటెనా? మా ఇంట్ల దండిగున్నయ్ సారూ!" అంది.

సాంచెల మోతలో సారుకు 'దండిగున్నయ్' ఒక్కటే చేరింది. వంటలావిడ ఇంట్లో గంటలు దండిగా ఎందుకుంటాయన్న అనుమానం ఆయనకు రాలేదు. పుస్తకం చదివేవాళ్లకు అనుమానాలన్నీ పుస్తకంలోనే వస్తాయి.

ఇక నా పుట్టుపూర్వోత్తరాలు. నన్ను పోసిన కంచరి మూసలో ఒక చిల్లుబిందెను, ఒక కాలు విరిగిన దీపపుసెమ్మెను, మూత పోయిన మరచెంబును కలిపి కరిగించాడు. అంటే పుట్టుకతోనే నేను కథల సంపుటిని! సుగుణక్క అత్త రాజవ్వ నన్ను కొనుక్కుని ఎన్నో పెళ్లిపందిళ్లు తిప్పింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఆ మనవాడి చేతిలో ఉండేదాన్ని నేనే గనుక మనుషుల గుట్టు నాకు బాగా తెలుసు. "చాలు చాలు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల మధ్య సందులు మాత్రం ధారాళంగా వదిలే పెద్దమనుషులను ఎంతమందిని చూశానో! తరవాత స్టీలు గంటెలు వచ్చాయి. నా మెరుపు తగ్గిందని నన్ను అటక ఎక్కించారు. పైకి రావడమంటే అదేనని కొన్నేళ్లు సరిపెట్టుకున్నాను.

ఆ ఆదివారం సుగుణక్క నన్ను చింతపండుతో తోమి, తళతళలాడించి, సంచిలో పెట్టుకుని వచ్చి, గదిలో అందరి ముందు బల్ల మీద పెట్టింది. అంబదాసు సారు నన్ను చూశాడు. నేను సారును చూశాను. చదువరులంతా మా ఇద్దరినీ చూశారు.

"గిదేంది సారూ, ఇయ్యాల ఉప్మా ఉన్నదా?" అని ఎవరో ఆశగా అడిగారు.

ఇక్కడే సారు గొప్పతనం. పొరపాటు జరిగిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కాలేజీ లెక్చరరు, ప్రశ్న అడిగాక తెలియదంటాడా? గొంతు సవరించుకుని, నన్ను ఎత్తి పట్టుకుని, నిలబడ్డచోటే సిద్ధాంతం అల్లేశాడు.

"ఇది సంఘం గంటె! ఇగ నుంచి ఎవ్వల చేతిల గంటె ఉంటదో వాళ్లే మాట్లాడాలె. పుస్తకాన్ని చెప్పుడంటె వడ్డించుడే. గంటెడు వడ్డించుండ్రి, గిన్నె బోర్లియ్యకుండ్రి. రుచి చూపియ్యాలె, కడ మాత్రం చెప్పొద్దు. వడ్డించినోళ్లు మళ్లొచ్చేసారి ఆ పుస్తకం తెచ్చి పంక్తిల పెట్టాలె. ఏం సుగుణక్కా?"

"మీరు తెమ్మన్నప్పుడే అనుకున్న సారూ, దీంట్ల ఏదో మతలబుంటదని!" అంది సుగుణక్క, కళ్లు మెరుస్తుండగా.

చప్పట్లు! నిలువెత్తు అబద్ధానికి అంత నిండైన చప్పట్లు నేను పెళ్లిపందిళ్లలో తప్ప వినలేదు. కానీ చెప్పొద్దూ, ఆ నియమం అమృతం. అంతకుముందు ఒక్కొక్కరు నవల మొదటి పేజీ నుంచి శుభం దాకా చెప్పి ఇంక చదివే పని లేకుండా చేసేవాళ్లట. ఇప్పుడు నన్ను పట్టుకోగానే అందరికీ కొలత తెలిసింది. సరిగ్గా నోరూరేచోట ఆపి పక్కవాళ్లకు అందించేవాళ్లు. "ఆగుండ్రి, ఆమె తలుపు తీసిందా లేదా?" అని గది గదంతా లేచేది. "పుస్తకం తెస్త, చదువుకోరాదుండ్రి!" అని వడ్డించినవాళ్లు మీసాలు దువ్వుకునేవాళ్లు. మీసాలు లేనివాళ్లు కొంగు సర్దుకునేవాళ్లు.

త్వరలోనే పంక్తి రెండుగా చీలింది. సుగుణక్కది కోటల పంక్తి. ఆమెకు చారిత్రక నవల అంటే ప్రాణం. కందకాలు, కాగడాలు, గుర్రపు డెక్కలు లేనిదే ఆమెకు ముద్ద దిగదు. అంబదాసు సారుది కొత్త పంక్తి. ఇవాళ్టి మనుషులు, ఇవాళ్టి బస్సులు, ఇవాళ్టి బాధలు. "సచ్చిన రాజుల ముచ్చట నాకెందుకక్కా? బతికున్నోళ్ల కథలే తెగుతలేవు!" అని ఆయన. "బతికున్నోళ్లను రోజు చూస్తనే ఉన్న సారూ, మళ్ల పుస్తకంల సుత చూడాల్నా?" అని ఆమె. ఈయన నవలను ఆమె ముట్టదు, ఆమె నవలను ఈయన ముట్టడు. ఒక్కొక్క పంక్తి తనవాళ్లకే వడ్డించుకుని, తనవాళ్లే తిని, తనవాళ్లే తేన్చే రోజులొచ్చాయి. ఎదుటి పంక్తివాళ్లు చెబుతుంటే కునుకు తీశారు. కునుకు ముదిరి రావడమే మానేశారు.

మంది తగ్గడం అందరికంటే ముందు గమనించినవాడు రాజేశం సేటు. ఒకరోజు పైకొచ్చి, ఖాళీ కుర్చీల వంక చూసి, "సారూ, నేను కాదంటలేను. కని మంది లేని గదిని ఏం జేస్కుంట? కింద నూలు బేళ్లు వానకు తడుస్తున్నయ్. మళ్లొచ్చే ఆదివారం సుత గిట్లనే ఉంటె బేళ్లు పైకెక్కిస్త. యేమనుకోకుండ్రి" అన్నాడు. మంచివాడే. ఎప్పుడూ అద్దె అడగలేదు. అందుకే ఆయన మాటకు ఎదురు చెప్పడం కష్టం.

సంఘం ఉండడమో ఊడడమో ఆ ఒక్క ఆదివారంతో తేలిపోవాలి. ఊరిలో అంబదాసు సారుకు ఆ గది తప్ప వేరే గుడి లేదు. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక కొత్త ఆచారం పెట్టాడు. దాని పేరు మారు వడ్డన. విందులో రెండోసారి వడ్డించేదాన్ని మారంటారు గదా, ఇక్కడ పంక్తులు మారడం కూడా మారే. మొదటి వరసలో ఎవరి రుచి వాళ్లు వడ్డించుకోవచ్చు, మారులో మాత్రం ఎదుటి పంక్తి పుస్తకం వడ్డించాలి. కోటల పంక్తివాళ్లు కొత్త నవల చదివి రావాలి, కొత్త పంక్తివాళ్లు చారిత్రక నవల చదివి రావాలి. ఊరంతా ఫోనులు వెళ్లాయి. సారు తడాఖా చూద్దామని పాతవాళ్లంతా దిగారు. గది నిండింది.

మారు వడ్డన మొదలైంది. సుగుణక్క నన్ను అందుకుంది. పట్నంలో అద్దె ఇల్లు దొరకక తిరిగే ఇద్దరు నర్సుల గురించిన కొత్త నవల చెప్పింది. "ఇండ్ల కందకాలు లేవు, కాగడాలు లేవు. తలుపులే ఉన్నయ్. అన్ని మూసిన తలుపులే. ఆఖరి తలుపు కొడుతరు సూడుండ్రి…" అని ఆపి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కోటల పంక్తి మొత్తం నోరు తెరిచింది. కొత్త పంక్తి చప్పట్లు కొట్టింది.

"ఇగ సారు!" అంది సుగుణక్క, నన్ను ఆయన చేతిలో పెడుతూ.

ఆ చెయ్యి చెమట పట్టి ఉంది. గంటెను పట్టిన చెయ్యి అబద్ధం చెప్పజాలదు. ఊరందరినీ పిలిచే హడావుడిలో సారు చారిత్రక నవల ఒక్క పేజీ కూడా తిప్పలేదు! గది నిండా మనుషులు. మెట్ల దగ్గర రాజేశం సేటు. చేతిలో నేను.

"నేను చదివింది…" అన్నాడు సారు. కింద సాంచెలు టకటకమన్నాయి. ఆయన ఒక్క క్షణం ఆ చప్పుడు విన్నాడు. "'ముట్టడినాటి మగ్గం'. పాత నవల. కాకతీయుల కాలంది."

అంతే, ధార మొదలైంది! కోట చుట్టూ శత్రుసైన్యం. కోటలో ఒక సాలె వీధి. ఆ వీధిలో పోలమ్మ అనే నేతగత్తె. ఆమె మగ్గం మీద పడుగు ఇంకొక్క గుడ్డకే సరిపోతుంది. రాణిగారు కబురు పెట్టింది: యుద్ధం రోజు కట్టుకునే చీర నెయ్యమని. అదే పొద్దున దొంగదారిన శత్రు సేనాని మనిషి వచ్చాడు: గెలిచిన రోజు చుట్టుకునే పాగ నేసిస్తే మీ వీధిని తగలబెట్టం అని. "ఇంట్ల నాలుగు జొన్నరొట్టెలు, ఇంత పచ్చిమిరపకాయ తొక్కు తప్ప గింజ లేదు. పోలమ్మ ఆ తొక్కుతోని రొట్టె తిన్నది. చెయ్యి కడుక్కున్నది. మగ్గం గుంటల కాళ్లు పెట్టింది. నాడె చేతిలకు తీసుకున్నది…"

ఆపాడు. నన్ను బల్ల మీద దించాడు.

గది పేలిపోయింది. "చీరనా, పాగనా?" "సారూ, గంటెడు గింతేనా?" వాళ్లలో సగంమంది ఇళ్లలో ఒకప్పుడు మగ్గం మీద పేక నూలు మోసుకుంటూ ఆ నాడె అటూ ఇటూ ఆడినదే మరి! మెట్ల దగ్గరున్న రాజేశం సేటు పైకొచ్చి నిలబడి, "ఆ బుక్కు మళ్లొచ్చేసారి తెస్తరు గద సారూ? నేనస్త. నాకే మొదలియ్యాలె" అన్నాడు. బేళ్ల సంగతి ఎత్తలేదు.

అరవనిది ఒక్క సుగుణక్క. నేను వంటింటిదాన్ని, నాకూ అప్పుడే ఘాటు తగిలింది. మిరపకాయ! కాకతీయుల కాలంలో మిరపకాయ ఎక్కడిది? అది ఓడలెక్కి మన తీరానికి దిగేటప్పటికి ఆ రాజ్యం పోయి ఎంతో కాలం. "పాతకాలంల కారమంటె మిరియాలే" అని నేను అటక ఎక్కకముందు సుగుణక్క ప్రతి వంటలోనూ నాతో చెప్పేది. చారిత్రక నవల రాసేవాడు ఎంత కొత్తవాడైనా ఆ తప్పు చెయ్యడు. చెయ్యగలిగినవాడు ఒక్కడే, జీవితంలో అలాంటి నవల తెరవనివాడు. ఆమె వేలెత్తి చూపలేదు. నన్ను సంచిలో పెట్టుకుని నవ్వుకుంటూ ఇంటికి పోయింది.

తరవాతి నెలంతా ఊళ్లో పోలమ్మే. టీకొట్టు దగ్గర చీరవాళ్లు, పాగవాళ్లు అని జట్లు కట్టారు. కరీంనగర్‌లో వెతికారు. హైదరాబాదు పోయినవాళ్లు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తవ్వారు. దొరకలేదు. దొరకని కొద్దీ ఆకలి పెరిగింది. అంబదాసు సారుకు మాత్రం తిండి దిగడం లేదని ఆయన భార్య సుగుణక్కతో చెప్పింది. దిగదు మరి. వడ్డించినవాడు పుస్తకం తేవాలన్నది ఆయన పెట్టిన నియమమే. లేదని తేలితే ఇన్నేళ్లుగా ఆయన చదవమన్న ప్రతి పుస్తకం మీదా నమ్మకం పోతుంది. నమ్మకం పోతే మంది పోతుంది. మంది పోతే గది పోతుంది.

ఆదివారం వచ్చింది. కుర్చీలు చాలక కింద నుంచి నూలు బేళ్లే పైకి తెచ్చి వాటి మీద కూర్చున్నారు. బేళ్లు పైకెక్కాయి గాని, ఎంత గొప్పగా ఎక్కాయి! రాజేశం సేటు సాంచెలన్నీ ఆపించి వచ్చాడు. ఆ గదికి నిశ్శబ్దం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. సారు ఉత్త చేతులతో వచ్చాడు. ముఖం ముట్టడిలో ఉన్న కోటలా ఉంది.

"బుక్కేది సారూ?" అన్నాడు సేటు.

సారు నోరు తెరిచేలోగా సుగుణక్క నన్ను ఎత్తి ఝళిపించింది. "ఆగుండ్రి! గంటె నా దగ్గరున్నది. ఆ పుస్తకం నాకు దొరికింది. చదివిన!"

అంబదాసు సారు అదిరిపడ్డాడు. లేని పుస్తకాన్ని ఈమె ఎక్కడ చదివింది? లేదనడానికి వీల్లేదు, అంటే తన గుట్టు పోతుంది. ఉందనడానికీ వీల్లేదు, అంటే చూపించమంటారు. నా బతుకులో ఇన్ని వేపుళ్లు చూశానుగాని, మనిషి రెండువైపులా అంత సమానంగా వేగడం చూడలేదు!

"పోలమ్మ మిరియాల పొడి అద్దుకోని రొట్టె తిన్నది…" అని మొదలుపెట్టింది సుగుణక్క.

"మిరపకాయ తొక్కన్నడు గద సారు!" అని అరిచారు వెనక నుంచి.

"సారు చదివింది మొదటి అచ్చు. నాకు దొరికింది తప్పులు దిద్దిన అచ్చు" అంటూ ఆమె సారు వంక ఓరగా చూసింది. సారు తల దించుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, మిరపకాయల్లాగే.

"తిని మగ్గమెక్కింది. నాడె ఆడిచ్చింది. ఒకదిక్కు రాణి, ఇంకోదిక్కు సేనాని. ఎవ్వలకు నేసినా తిప్పలే. ఏం జేసింది? సగం నేసి, ఆడనే ఇడిసిపెట్టి, మగ్గం దిగి పారిపోయింది!"

"లేదు!" సారు కుర్చీలోంచి లేచిపోయాడు. "గట్ల లేదు!"

"ఉన్నది సారూ, నేను చదివిన."

"ఎట్లుంటది? సగం నేసి మగ్గం దిగుతదా? జరమొచ్చి ఒళ్లు కాలిపోతున్నా మా అవ్వ సగంల దిగలేదు! ఏనాడు దిగలేదు!"

సాంచెలు నడుస్తుంటే కన్నతల్లి గురించిన ఆ మాట వాటిలో కలిసిపోయేది. ఆ రోజు కలవలేదు.

"మీ అవ్వ నవలలకు ఎట్లొచ్చింది సారూ?" అన్నాడు రాజేశం సేటు మెల్లగా. "మీరిద్దరు చదివినమంటరు. ఒక్కరి దగ్గర సుత బుక్కు లేదు."

ఆ లేని అచ్చును అల్లింది ఇందుకేనన్నట్టు సుగుణక్క నన్ను తెచ్చి సారు చేతిలో పెట్టింది. ఈసారి ఆ చేతికి చెమట లేదు.

"బుక్కు లేదు రాజేశం. నేను అసోంటి నవల ఒక్కటి సుత చదువలే. గంటె చేతికొచ్చింది, మందంత చూస్తున్నరు, ఒట్టిగ దించబుద్ధి కాలే. కిందికెల్లి మీ సాంచెల చప్పుడొస్తుంటె మా అవ్వ మగ్గం యాదికొచ్చింది. దాని చుట్టు ఒక కోట కట్టిన. అంతే. ఆ నవల ఎవ్వలు రాయలే."

సేటు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. గది పోయినట్టేనని నేననుకున్నాను. మళ్లీ అటకే అనుకున్నాను.

"ఎవ్వలు రాయలేదా?" అన్నాడు సేటు. "అంటె నాడె ఇంక పోలమ్మ చేతిలనే ఉన్నదన్నట్టు!"

"ఆఁ."

"చీర గాలే, పాగ గాలే."

"కాలే."

"మరి సూసుకుంట నిలవడ్డరేంది సారూ? ఆమెను అట్ల గుంటల కూసోబెట్టి మీరు ఇంటికి వోతరా? కూసోని రాయుండ్రి! పోలమ్మ మగ్గం దిగేదాక గది మీదే. నా బేళ్లు తడిస్తె తడువనీ!"

ఆ అరుపులు, ఆ ఈలలు! ఎవరో నన్ను లాక్కుని బేలు మీద, బల్ల మీద, కిటికీ ఊచల మీద వాయించేశారు. నా తల కొద్దిగా సొట్ట పోయింది. పోతే పోయింది, గంటగా పుట్టనందుకు ఆ ఒక్క రోజు కొరత తీరిపోయింది!

ఆ తరవాత సారు రాయడం, సుగుణక్క దిద్దడం. ఆయన అన్నం వండితే ఆమె రాళ్లు ఏరింది. "రాణి అద్దంల సూసుకున్నదని రాసిండ్రు, అప్పుడు గాజు అద్దాలేడివి?" అని ఆమె. "మీ రాణికి మాటలు రావక్కా, పద్యాలే వస్తున్నయ్" అని ఆయన. రాయడానికని ఆయన చారిత్రక నవలలు కట్టలు కట్టలుగా చదివాడు. ఎంతమాత్రం పనికిరావనుకున్నవాడు నెల తిరిగేసరికి నన్ను పట్టుకుని, "ఇంతకాలం నాకెందుకు వడ్డియ్యలేదు?" అని సుగుణక్క మీదే తగువుకు దిగాడు. ఆమె కొత్త నవలలు చదివి చదివి, పోలమ్మ పక్కింటావిడకు మన వీధి మనిషి నోరు పెట్టింది. కోటల పంక్తి, కొత్త పంక్తి కలిసి ఒకే బంతి అయ్యాయి.

మొన్న ఆ పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద ఇద్దరి పేర్లూ, మూలన చిన్నగా నా బొమ్మ. అది అందరి చేతుల్లో పెట్టిన ఆదివారం, కొత్తగా చేరినవాళ్లెవరో అడిగారు: "ఇంతకు పుస్తకాల సంఘానికి ఈ గంటె ఎందుకండి?"

"సారు ఆలోచన" అంది సుగుణక్క గర్వంగా. "ఫోను జేసి మరీ తెమ్మన్నడు, గంటె తేవాలె, ఇత్తడిదని."

సారు నవ్వాడు. ఇంక దాచుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. "గంటె అనలే అక్కా. గంట అన్న. మోగే గంట! మీరంత కథ కడదాక చెప్పి సతాయిస్తుంటె, మోగించి నోర్లు మూయిద్దామని అడిగిన. మీరు గంటె తెచ్చి ముందట పెట్టిండ్రు. పదిమందిల తప్పనలేక, ఆ వడ్డన ముచ్చటంత అప్పటికప్పుడు కల్పించిన."

గది గదంతా పగలబడి నవ్వింది. సుగుణక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. రాజేశం సేటు బేలు మీద నుంచి జారిపడ్డాడు. "అంటె సారూ, మీ మొదటి కల్పన పోలమ్మ కాదన్నట్టు, గంటెనే!" అన్నాడు కిందనుంచే.

ఇప్పుడు నేను ఆ గదిలో, పుస్తకాల అర పక్కన, మేకుకు వేలాడుతున్నాను. నెలకొకసారి దిగుతాను. పోలమ్మ చీర నేసిందా పాగ నేసిందా అంటారా? చెప్పను. గంటెడే నా కొలత, మిగతాది పుస్తకంలో ఉంది, చదువుకోండి. నా సంగతి మాత్రం చెబుతాను. నోళ్లు మూయించడానికి గంట కావాలన్నారు, నోళ్లూరించడానికి గంటె వచ్చింది. వచ్చింది ఊరుకుందా? ఆ ఇద్దరి చేతా గంటం పట్టించింది!